ఆన్‌లైన్ కోర్సులో ‘బేసిక్స్ రావు’ అనే విద్యార్థిని నిలబెట్టడం ఎలా: మెంటర్లకు సమగ్ర మార్గదర్శి

పైథాన్, డేటా సైన్స్, మెషీన్ లెర్నింగ్ కోర్సులకు మెంటర్లుగా పనిచేస్తున్నవారు తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. కోర్సు పేజీలో ‘ప్రీరిక్విజిట్స్’ (ముందే తెలిసి ఉండాల్సినవి) అని స్పష్టంగా రాసి ఉన్నా అవేవీ లేకుండానే చేరిపోయి, రెండో వారానికే ఆగిపోయే విద్యార్థికి ఎలా సాయం చేయాలి? ఈ మార్గదర్శి ఆ ప్రశ్నకు సమాధానం.

ఉదాహరణగా 12 వారాల మెషీన్ లెర్నింగ్ పరిచయ కోర్సును తీసుకుంటున్నాను. పాఠం పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, వివరణ తెలుగులో, సందేహాలు వాట్సాప్ గ్రూపులో అనుకోండి. వెబ్ డెవలప్‌మెంట్, డేటాబేస్ వంటి కోర్సులకైనా క్రమం ఇదే. ఉదాహరణలు మార్చుకుంటే సరిపోతుంది.

ఒక మాట ముందే చెప్పాలి. “బేసిక్స్ నేర్చుకుని రండి” అనే సమాధానం మన దగ్గర లేదనుకునే ఈ పని మొదలుపెట్టాలి. బేసిక్స్ అంటే ఏమిటో తెలిసినవారికే అవి ఎక్కడ నేర్చుకోవాలో తెలుస్తుంది. విద్యార్థికి లేనిదే ఆ తెలివిడి.

1. లోటు ఏ రకమో తేల్చుకోండి

‘బేసిక్స్ లేవు’ అనే మాట కింద మూడు వేర్వేరు లోటులు దాక్కుని ఉంటాయి. మూడింటికీ మందు వేరు.

మొదటిది పేరు లోటు. విషయం తెలుసు, ఆ విషయానికి కోర్సులో వాడే పేరు తెలియదు. తెలుగు మాధ్యమంలో ఇంటర్ ఎంపీసీ చదివిన అమ్మాయి మాత్రికల గుణకారం తడబడకుండా చేస్తుంది. ‘మ్యాట్రిక్స్ మల్టిప్లికేషన్’ అని వినగానే తనకు రాని కొత్త విషయమనుకుని వెనక్కి తగ్గుతుంది. ఇక్కడ చేయాల్సిన పని అర నిమిషంది. ఆ అర నిమిషం ఇవ్వక ఆమెకు గణితం మొత్తం రాదని తీర్మానించే మెంటర్లే ఎక్కువ.

రెండోది పనిముట్టు లోటు. ఫోల్డర్ ఎక్కడుందో తెలియకపోవడం, జిప్ ఫైలును విప్పకుండానే లోపలి ఫైలు తెరవబోవడం, ఫైలు పేరు చివర ఉండే ఎక్స్‌టెన్షన్ కనిపించకపోవడం ఈ కోవలోకి వస్తాయి. ఫోనులోనే అన్నీ నేర్చుకున్న తరానికి ‘ఫోల్డర్’ అన్న ఊహే కొత్త. ఫోనులో ఫోటో గ్యాలరీలో ఉంటుంది, పాట పాటల యాప్‌లో ఉంటుంది, ఏదీ ఒక చిరునామాలో ఉన్నట్టు కనిపించదు.

మూడోది భావన లోటు. వాలు అంటే ఏమిటో, సగటు ఎందుకు తీస్తామో, ఒక ఆదేశం తర్వాత ఇంకొకటి నడవడమంటే ఏమిటో అసలు తెలియకపోవడం. నిజంగా సమయం పట్టేది ఇదొక్కటే.

విద్యార్థి మూడింటికీ ఒకే మాట వాడతాడు: “నాకు రావట్లేదు సర్.” ఏ లోటో తేల్చకుండా సమాధానం ఇస్తే, ఫైలు తెరవడం రాని మనిషికి గణితం పాఠం చెప్పినవాళ్లమవుతాం.

2. ప్రతి పాఠాన్నీ చివరి నుంచి వెనక్కి విప్పండి

కోర్సు పేజీలో ‘ప్రాథమిక గణితం, ప్రోగ్రామింగ్ పరిచయం అవసరం’ అని ఉండే వాక్యం ఎవరికీ ఉపయోగపడదు. దాని స్థానంలో పాఠానికొక జాబితా కావాలి. దాన్ని తయారుచేసే తీరు ఇది.

పాఠం చివర విద్యార్థి చేయాల్సిన ఒక పని రాసుకోండి. తర్వాత “ఇది చేయాలంటే అంతకు ముందు ఏం చేయగలగాలి?” అని ప్రతి మెట్టు దగ్గరా అడుగుతూ వెనక్కి నడవండి. తొమ్మిదో తరగతి పూర్తిచేసి, కంప్యూటర్‌ను కొద్దిగా ముట్టుకున్న మనిషి చేయగల పని తగిలేవరకూ ఆగకండి.

లీనియర్ రిగ్రెషన్ పాఠాన్ని ఇలా విప్పితే రెండు దారులు బయటపడతాయి. గణితం దారిలో: సరళరేఖను డేటాకు అమర్చడం, దానికి ముందు తప్పు ఎంతో కొలవడం, దానికి ముందు వర్గాల సగటు, దానికి ముందు వాలు, దానికి ముందు గ్రాఫు మీద బిందువు గుర్తించడం. పని దారిలో: సీఎస్‌వీ ఫైలును (కామాలతో విడదీసిన పట్టికను) చదవడం, దానికి ముందు ఫైలు చిరునామా, దానికి ముందు ఫోల్డర్, ఎక్స్‌టెన్షన్.

ఇప్పుడు ప్రతి అంశం పక్కనా మూడు గుర్తుల్లో ఒకటి పెట్టండి.

- ముందే కావాలి: ఇది లేకపోతే పాఠంలో మొదటి పది నిమిషాలు కూడా అర్థం కావు.
- అక్కడికక్కడే నేర్పవచ్చు: పాఠంలో అవసరమైన చోట రెండు నిమిషాల్లో చెప్పేయవచ్చు.
- వాయిదా వేయవచ్చు: తెలిస్తే మంచిది, తెలియకపోయినా ఈ వారం పని ఆగదు.

మూడో గుర్తు దగ్గర నిజాయితీగా ఉండండి. పరిచయ కోర్సులో లీనియర్ రిగ్రెషన్‌కు అవకలనం (డిఫరెన్సియేషన్) వాయిదా వేయవచ్చునని నా అభిప్రాయం. ‘తప్పు తగ్గే దిక్కుకు కొద్దికొద్దిగా జరగడం’ అన్నది సంఖ్యలతో చూపిస్తే ఆ వారం గడుస్తుంది. అలా జరిగే పద్ధతిని, అంటే గ్రేడియెంట్ డిసెంట్‌ను, సొంతంగా రాయించే వారంలో మాత్రం ఈ వెసులుబాటు లేదు.

ఈ జాబితాను ఒంటరిగా తయారుచేయకండి. బాగా తెలిసినవారికి తాము వేసే మెట్లు తమకే కనిపించవు. గత బ్యాచ్‌లో కష్టపడి గట్టెక్కిన ఒక విద్యార్థిని పక్కన కూర్చోబెట్టుకుంటే, మీరు రాసిన ఆరు మెట్లు పన్నెండవుతాయి.

3. మొదటి క్లాసుకు ముందు 20 నిమిషాల పనులు ఇవ్వండి

“మీకు పైథాన్ వచ్చా?” అని అడిగితే పనికొచ్చే సమాధానం రాదు. కొందరు మొహమాటానికి వచ్చంటారు, కొందరు వచ్చి కూడా రాదంటారు. అడగడం మానేసి చేయించండి. మార్కులు లేవని, ఎవరినీ తీసేయడానికి కాదని మొదటి వాక్యంలోనే చెప్పండి. ఈ ఎనిమిది పనులు చాలు.

1. మీ కంప్యూటర్‌లో కొత్త ఫోల్డర్ తెరిచి, అందులో ఒక ఫైలు పెట్టి, ఆ ఫైలు పూర్తి చిరునామా పంపండి.
2. మేం పంపిన జిప్ ఫైలును విప్పి, లోపల ఎన్ని ఫైళ్లున్నాయో, వాటి ఎక్స్‌టెన్షన్లేమిటో చెప్పండి.
3. 17ను 5తో భాగిస్తే శేషం ఎంత?
4. 4, 7, 0, 9 సంఖ్యల సగటు ఎంత?
5. ఆటో ఎక్కగానే 20 రూపాయలు, ఆపై కిలోమీటరుకు 10 రూపాయలు. ఎన్ని కిలోమీటర్లకైనా ఛార్జీ చెప్పే సూత్రం రాయండి.
6. ‘ఎ’లో 3 పెట్టాం. ‘బి’లో ‘ఎ’ విలువ పెట్టాం. తర్వాత ‘ఎ’ను 5గా మార్చాం. ఇప్పుడు ‘బి’లో ఎంత ఉంది?
7. పది చీటీల మీద పది సంఖ్యలున్నాయి. ఒకసారికి ఒక చీటీనే తెరిచి చూడగలిగిన మనిషి వాటిలో పెద్ద సంఖ్యను ఎలా కనిపెట్టాలో తెలుగులో రాయండి.
8. ఈ బొమ్మలోని ఎర్రర్ సందేశం చదివి, మీకు అర్థమైనంత మీ మాటల్లో చెప్పండి.

జవాబుల్లో తప్పొప్పుల కంటే తప్పు జరిగిన తీరు చూడండి. నాలుగో ప్రశ్నకు సరైన జవాబు 5. ఎవరైనా 6.67 రాశారంటే సున్నాను లెక్కలోకి తీసుకోకుండా మూడుతో భాగించారన్నమాట. రేపు డేటాలో ఖాళీ గడికీ సున్నాకూ తేడా చెప్పేటప్పుడు ఆ మనిషి అక్కడే ఆగుతాడు. ఆరో ప్రశ్నకు ‘5’ అన్నవారు, గణితంలో సమీకరణం ఎప్పటికీ నిజమై ఉన్నట్టే ప్రోగ్రామ్‌లోనూ ఉంటుందని అనుకుంటున్నారు. వారికి ఈక్వల్స్ గుర్తు అంటే ‘కుడివైపు విలువను ఎడమవైపు పెట్టెలో ఇప్పుడు వేయి’ అని చెప్పాలి.

ఏడో ప్రశ్న నాకు అన్నిటికంటే ఇష్టమైనది. కంప్యూటర్ మాటే లేని ఆ ప్రశ్నకు “ఇప్పటివరకు చూసినవాటిలో పెద్దది గుర్తుపెట్టుకుని, కొత్త చీటీతో పోల్చాలి” అని రాసిన మనిషికి లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించడం) సగం వచ్చేసినట్టే.

ఫలితాలను మార్కుల ప్రకారం కాక లోటు రకం ప్రకారం వేరు చేయండి. 1, 2 ఆగినవారికి పనిముట్టు లోటు. 3, 4, 5 ఆగినవారికి గణిత భావనలో, 6, 7 ఆగినవారికి ప్రోగ్రామ్ నడక భావనలో లోటు. 8 ఒక్కటే ఆగితే అది చాలావరకు భాష సమస్య.

4. పనిముట్ల లోటును తొలి క్లాసు దాకా రానివ్వకండి

ప్రత్యక్ష క్లాసులో ఇన్‌స్టలేషన్ చేయించబోయి గంటన్నర పోగొట్టుకున్న అనుభవం నాకుంది. అరవై మందిలో పదిహేను మందికి పదిహేను రకాల ఎర్రర్లు వచ్చాయి. మిగిలిన నలభై అయిదు మంది మౌనంగా కూర్చున్నారు. తప్పు నాదే. అప్పటి నుంచి మొదటి రెండు వారాలకు గూగుల్ కోల్యాబ్ మాత్రమే వాడుతున్నాను. అందులో పైథాన్ నడపడానికి బ్రౌజర్ ఉంటే చాలు కాబట్టి ఇన్‌స్టలేషన్ గొడవ మూడో వారానికి వాయిదా పడుతుంది.

అయితే కోల్యాబ్‌లో ఎక్కించిన ఫైలు సెషన్ ముగిస్తే పోతుందని, గూగుల్ డ్రైవ్‌కు కలిపితే నిలుస్తుందని మొదటి రోజే చెప్పాలి. చెప్పకపోతే మర్నాడు పొద్దున్నే “ఫైలు పోయింది సర్” అన్న సందేశాలు వరుసగా వస్తాయి.

సొంత కంప్యూటర్‌లో పైథాన్ పెట్టుకునే వారంలో పంపాల్సిన తనిఖీ జాబితా ఇది. విండోస్ వాడేవారి కోసం.

- పైథాన్ అధికారిక ఇన్‌స్టాలర్ సుమారు 30 ఎంబీ. పైథాన్‌తో పాటు చాలా లైబ్రరీలు కలిపి ఇచ్చే అనకొండ దాదాపు ఒక జీబీ. రోజుకు ఒకటిన్నర జీబీ డేటా ప్యాక్ మీద బతికే విద్యార్థికి మొదటిదే చెప్పండి.
- ఇన్‌స్టాలర్ మొదటి తెరలో కింద ‘పాత్‌కు (విండోస్ ప్రోగ్రామ్‌లను వెతికే చోట్ల జాబితాకు) చేర్చు’ అన్న అర్థం వచ్చే గడి ఖాళీగా ఉంటుంది. దానిలో టిక్కు పెట్టాకే ముందుకు వెళ్లాలి. ‘పైథాన్ నాట్ రికగ్నైజ్డ్’ అన్న ఎర్రర్‌కు ఎక్కువసార్లు కారణం ఇదే.
- కమాండ్ ప్రాంప్ట్‌లో పైథాన్ అని కొడితే మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంటే, అసలు పైథాన్ ఇంకా దొరకలేదని అర్థం.
- ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా పెట్టుకోవాలి. లేకపోతే నోట్‌ప్యాడ్‌లో దాచిన ప్రోగ్రామ్ పేరు చివర డాట్ టీఎక్స్‌టీ దాక్కుని ఉన్నా తెలియదు.
- లైబ్రరీ (ఇతరులు రాసిపెట్టిన ప్రోగ్రామ్‌ల కట్ట) ఇన్‌స్టాల్ చేసినా ‘మాడ్యూల్ నాట్ ఫౌండ్’ అంటే, కంప్యూటర్‌లో రెండు పైథాన్లున్నాయేమో చూడాలి: ఒకదానిలో పెట్టి ఇంకొకదానిలో వెతుకుతుంటారు.

ఫోను మాత్రమే ఉన్న విద్యార్థులుంటారు. వారికి కోల్యాబ్ ఫోను బ్రౌజర్‌లో నడుస్తుంది, కష్టంగానే. ఫోను కీబోర్డు లైను మొదటి అక్షరాన్ని పెద్దక్షరం చేస్తుంది, దాంతో ప్రింట్ ఆదేశం కూడా నేమ్ ఎర్రర్ ఇస్తుంది. ఆటో కేపిటలైజేషన్ ఆపేయమని చెప్పండి. ఆరో వారం నుంచి కంప్యూటర్ తప్పదని కూడా ముందే చెప్పడం మర్యాద.

5. వంతెన పాఠం తయారుచేయండి

లోటును పూడ్చే చిన్న పాఠాన్ని వంతెన పాఠం అంటున్నాను. దానికి నాలుగు నియమాలు: ఒకే లోటు, పదిహేను నిమిషాల లోపు, విద్యార్థి ఆగిన చోటు నుంచే మొదలు, పూర్తవగానే తిరిగి ఆ చోటికే. ‘వాలు’ మీద వంతెన వేస్తూ లంబరేఖల వాలుల లబ్ధం వరకూ వెళ్లిపోతే అది వంతెన కాదు, ఇంకో కోర్సు.

తప్పును కొలిచేటప్పుడు వర్గం ఎందుకు చేస్తాం అన్నచోట చాలామంది ఆగుతారు. దానికి నేను వాడే వంతెన ఇలా సాగుతుంది.

మొదటి మెట్టు. పరీక్షలో చేసిన ఆటో లెక్కే తీసుకుంటాం. సూత్రం ప్రకారం 1, 2, 3 కిలోమీటర్లకు ఛార్జీ 30, 40, 50 రూపాయలు. నిజంగా ఇచ్చింది 32, 38, 53. ఒక్కోచోట తేడా ఎంతో విద్యార్థి చేతే రాయించాలి: 2, మైనస్ 2, 3.

రెండో మెట్టు. “మొత్తం తప్పు ఎంత?” అని అడగండి. కూడితే 3 వస్తుంది. మొదటి రెండు ప్రయాణాల్లో సూత్రం తప్పు చెప్పిందని కళ్లముందు కనిపిస్తున్నా మొత్తంలో అవి ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. ఈ ఇబ్బందిని విద్యార్థే గమనించే వరకు మీరు మాట్లాడకండి; ఆన్‌లైన్‌లో ఆ నిశ్శబ్దం భరించడం కష్టమే, అయినా ఆగండి.

మూడో మెట్టు. వర్గాలు చేయించండి: 4, 4, 9. మొత్తం 17, మూడుతో భాగిస్తే దాదాపు 5.67. ఇప్పుడు ‘మీన్ స్క్వేర్డ్ ఎర్రర్’ అన్న పేరు చెప్పండి. విషయం ముందు, పేరు తర్వాత.

నాలుగో మెట్టు. కిలోమీటరుకు 10 బదులు 11 పెడితే ఈ సంఖ్య పెరుగుతుందా, తగ్గుతుందా అని అడిగి, లెక్కకు ముందే ఊహించమనండి. అంచనాలు 31, 42, 53 అవుతాయి. తేడాలు 1, మైనస్ 4, 0. వర్గాల మొత్తం మళ్లీ 17. ఈ ఫలితం చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. ఆ ఆశ్చర్యంలోనే “మరి 10కీ 11కీ మధ్య ఏముంది?” అని ఎవరో ఒకరు అడుగుతారు. 10.5తో చేయిస్తే అంచనాలు 30.5, 41, 51.5, వర్గాలు 2.25, 9, 2.25, మొత్తం 13.5. తక్కువ తప్పు కోసం వెతకడమంటే ఏమిటో వారికి తెలిసిపోయింది. ఇక అసలు పాఠానికి తిరిగి వెళ్లవచ్చు.

పనిముట్టు లోటుకు వంతెన ఇంకా చిన్నది. విండోస్ 11లో ఫైలు మీద రైట్ క్లిక్ చేసి చిరునామా కాపీ చేసి ప్రోగ్రామ్‌లో అతికిస్తే ‘యూనికోడ్ ఎస్కేప్’ అన్న భయంకరమైన ఎర్రర్ వస్తుంది. కారణం: చిరునామాలో యూజర్స్ ఫోల్డర్‌కు ముందున్న బ్యాక్‌స్లాష్‌నూ, దాని వెనక ఉన్న పెద్ద ‘యు’నూ కలిపి పైథాన్ ఒక ప్రత్యేక సంకేతంగా చదువుతుంది. కొటేషన్ ముందు చిన్న ‘ఆర్’ అక్షరం పెట్టాలి, లేదా అన్ని స్లాష్‌లనూ ముందుకు వాలిన స్లాష్‌లుగా మార్చాలి. ఒక తప్పు ఫైలు, ఒక సరైన ఫైలు పక్కపక్కన ఇచ్చి తేడా వెతకమంటే ఐదు నిమిషాల పని.

ప్రోగ్రామ్ నడక అర్థం కానివారికి ఖాళీ తెర ఇచ్చి “రాయండి” అనకండి. సరైన ప్రోగ్రామ్‌నే లైన్లు తారుమారు చేసి ఇచ్చి వరసలో పెట్టమనండి. వీటిని పార్సన్స్ ప్రాబ్లమ్స్ అంటారు. టైపింగ్ తప్పులు, కామాలు, కొటేషన్లు అడ్డురాకుండా క్రమం ఒక్కదాని మీదే బుద్ధి నిలుస్తుంది. ఆ తర్వాత ఒక లైను తీసేసి పూరించమనండి. సొంతంగా రాయించడం చివర.

6. తెలుగు మాధ్యమం వారికి పేర్ల పట్టిక ఇవ్వండి

పేరు లోటుకు ఒక పేజీ చాలు. పాఠంలో వచ్చే ప్రతి ఆంగ్ల పదం పక్కన వారు బడిలో, ఇంటర్‌లో చదివిన పదం రాయండి. ఫంక్షన్ పక్కన ప్రమేయం, వేరియబుల్ పక్కన చలరాశి, వెక్టర్ పక్కన సదిశ, మ్యాట్రిక్స్ పక్కన మాత్రిక, స్లోప్ పక్కన వాలు, మీన్ పక్కన అంకమధ్యమం, ప్రాబబిలిటీ పక్కన సంభావ్యత, డెరివేటివ్ పక్కన అవకలజం, లాగరిథమ్ పక్కన సంవర్గమానం.

ఇంటర్‌లో ఏళ్ల తరబడి నడిచిన పుస్తకాల్లో మాత్రికలు, సదిశలు గణితం 1ఎలో, అవకలనం 1బిలో, సంభావ్యత 2ఎలో ఉండేవి. “మీ 1ఎ పుస్తకంలోని మాత్రికల అధ్యాయమే ఇది” అని ఒక్క వాక్యం చెబితే ఆ కాలంలో ఎంపీసీ చదివినవారి ముఖం మారుతుంది. బైపీసీ, సీఈసీ నుంచి వచ్చినవారికి ఆ వాక్యం పనిచేయదు; వారికి భావన నుంచే మొదలుపెట్టాలి. ముగ్గురి ఇళ్లకు కావాల్సిన బియ్యం, పప్పు కిలోలు ఒక పట్టికలోనూ, రెండు దుకాణాల ధరలు ఇంకో పట్టికలోనూ రాసి, ఏ ఇంటికి ఏ దుకాణంలో బిల్లు ఎంతో కట్టించండి. పది కిలోల బియ్యం 50 చొప్పున, రెండు కిలోల పప్పు 120 చొప్పున అయితే 740. అలా ఆరు బిల్లులు కట్టాక, వారు చేసింది మాత్రికల గుణకారమేనని చెప్పండి.

పట్టికలో ఒక హెచ్చరిక తప్పనిసరి. బడిలోని అర్థానికీ ప్రోగ్రామింగ్ అర్థానికీ పూర్తి పొంతన ఉండదు. గణితంలో ప్రమేయం ఎప్పుడూ విలువ ఇస్తుంది; పైథాన్‌లో తెరమీద చూపించి ఊరుకునే ఫంక్షన్లు కూడా ఉంటాయి. రిటర్న్‌కూ ప్రింట్‌కూ తేడా తెలియక తికమకపడేది ఇక్కడే. రిటర్న్ అంటే లెక్క కట్టి మన చేతికివ్వడం, ప్రింట్ అంటే బోర్డు మీద రాసి చూపించడం. బోర్డు మీద ఉన్నదాన్ని తీసుకుని తర్వాతి లెక్కలో వేయలేం.

7. సందేహం వచ్చినప్పుడు ఈ క్రమంలో వెళ్లండి

వాట్సాప్‌లో వచ్చే సందేహాల్లో సగం మానిటర్‌కు ఫోనుతో తీసిన వంకర ఫోటోలే. వాటిలో ఎర్రర్ చివరి లైను కోసుకుపోయి ఉంటుంది, పైథాన్‌లో అన్నిటికంటే ముఖ్యమైనది ఆ చివరి లైనే. అందుకని సందేహం అడిగే పద్ధతిని మొదటి వారంలోనే నేర్పండి: ఏం చేశారు, ఏం రావాలనుకున్నారు, ఏం వచ్చింది. మూడోది కాపీ చేసి పంపాలి.

ప్రోగ్రామ్‌ను నేరుగా వాట్సాప్‌లో అతికించవద్దని కూడా చెప్పండి. రెండు నక్షత్రాల మధ్య ఉన్నది బొద్దు అక్షరాలుగా, రెండు అండర్‌స్కోర్ల మధ్య ఉన్నది వాలు అక్షరాలుగా మారి, ఆ గుర్తులు మాయమవుతాయి. వర్డ్ వంటివాటి నుంచి తెచ్చిన వంపు కొటేషన్లనూ పైథాన్ ఒప్పుకోదు. కోల్యాబ్ లింకు పంపడం ఉత్తమం.

సందేహం చేతికొచ్చాక కిందికి దిగే ప్రశ్నలు వేయండి. అంటే విద్యార్థికి కచ్చితంగా తెలిసిన మెట్టు తగిలేవరకూ దిగి, అక్కడి నుంచి పైకెక్కాలి. ఒక నమూనా సంభాషణ:

“అన్నా, 5, 3 ఇచ్చి కూడితే 53 వస్తోంది. 8 రావాలి కదా?”

“కూడే లైనుకు ముందు, మొదటి డబ్బాలో ఏముందో టైప్ ఫంక్షన్‌తో చూసి చెప్పు.”

“స్ట్రింగ్ అని వచ్చింది అన్నా. కానీ నేను నంబరే కొట్టాను.”

“నువ్వు నంబరే కొట్టావు. ఇన్‌పుట్ దాన్ని ఎలా తీసుకుంది?”

“అక్షరాల్లాగా తీసుకుందా? అంటే 5 పక్కన 3 అతికించింది!”

“అవును. మరి అతికించకుండా కూడాలంటే ముందు ఏం మార్చాలి?”

ఇక్కడ మెంటర్ జవాబు చెప్పలేదు, చూడాల్సిన చోటు చూపించాడు. అయితే ఈ పద్ధతిని మొండిగా పట్టుకోకండి. మూడు ప్రశ్నలు దిగినా నేల తగలకపోతే, నాలుగోసారి నేరుగా చెప్పేసి, అదే రకమైన ఇంకో చిన్న పని ఇవ్వండి. రాత్రి పదకొండు గంటలకు, మర్నాడు ఉద్యోగానికి వెళ్లాల్సిన మనిషిని ప్రశ్నలతో వేధించడం బోధన అనిపించుకోదు.

8. తరచుగా జరిగే పొరపాట్లు, సవరణలు

“ఇది చాలా సింపుల్.” ఈ మాట విన్న విద్యార్థికి అది అర్థం కాకపోతే ఇక సందేహం అడగడు. రికార్డు చేసిన పాఠాల్లో కూడా ‘సింపుల్’, ‘అందరికీ తెలిసిందే’ అన్నవి వెతికి తీసేయండి.

“అర్థమైందా?” అని అడగడం. జూమ్ చాట్‌లో ‘ఎస్ సర్’లు వరుసగా వస్తాయి, వాటికి విలువ లేదు. దాని బదులు “ఈ లైను నడిస్తే తెరమీద ఏం వస్తుందో చాట్‌లో టైప్ చేయండి, నేను చెప్పేవరకూ ఎంటర్ నొక్కవద్దు” అనండి. అందరూ ఒకేసారి నొక్కితే ఒకరిది చూసి ఒకరు రాసే వీలుండదు.

నాలుగు గంటల వీడియో లింకు పంపి ఊరుకోవడం. పంపాల్సి వస్తే ఏ నిమిషం నుంచి ఏ నిమిషం వరకు చూడాలో, చూశాక ఏం చేయగలగాలో రాయండి. తెలుగులో వినాలనుకునేవారికి ఐఐటీ బాంబే వారి స్పోకెన్ ట్యుటోరియల్స్ చిన్నచిన్న ముక్కలుగా ఉంటాయి కాబట్టి వంతెనకు పనికొస్తాయి. మీ పాఠానికి కావాల్సిన ముక్క తెలుగులో ఉందో లేదో ముందు చూసుకోండి.

స్క్రీన్‌ను రిమోట్‌గా మన చేతిలోకి తీసుకుని సరిచేసేయడం. ఇన్‌స్టలేషన్ చిక్కులకు ఇది సరే. ప్రోగ్రామ్ తప్పులకు మాత్రం మౌస్ విద్యార్థి చేతిలోనే ఉండాలి.

కోర్సుకు ముందు మూడు వారాల ‘బేసిక్స్’ పెట్టడం. వినడానికి బాగుంటుంది. కానీ మెషీన్ లెర్నింగ్ కోసం వచ్చిన మనిషి మూడు వారాలు మాత్రికలే చూస్తే, అవి దేనికో తెలియక మానేస్తాడు. అవసరం కళ్లముందు ఉన్నప్పుడు పదిహేను నిమిషాల్లో ఎక్కేది, అవసరం లేనప్పుడు మూడు గంటలకీ ఎక్కదు.

చాట్‌జీపీటీ వంటివాటిని నిషేధించడం. ఎలాగూ వాడతారు. “నా ప్రోగ్రామ్ సరిచేయి” అని కాక “ఈ లైను ఏం చేస్తుందో తెలుగులో చెప్పు” అని అడగడం నేర్పండి. తెచ్చిన ప్రోగ్రామ్‌ను నడిపే ముందు ఏం వస్తుందో కాగితం మీద రాయాలన్న ఒక్క షరతు పెడితే చాలు.

9. లోటు మరీ పెద్దదైతే

అన్ని లోటులూ వంతెనలతో తీరవు. ఎనిమిది పనుల్లో ఆరోదీ, ఏడోదీ రెండూ ఆగి, వాటి వంతెనలు పూర్తిచేసినా రెండో వారానికి నడక పట్టుబడకపోతే, ఆ విద్యార్థి ఈ వేగంతో ఈ కోర్సు చేయలేడు. ఆ మాట గ్రూపులో కాకుండా ఫోనులో చెప్పండి. చెప్పేటప్పుడు మూడు విషయాలు చేతిలో ఉండాలి: ఏది ముందు నేర్చుకోవాలో, రోజుకు గంట చొప్పున ఎన్ని వారాలు పట్టవచ్చో, తర్వాతి బ్యాచ్‌లో కొత్త ఫీజు లేకుండా చేరే వీలుందో లేదో. మూడోది మీ చేతిలో లేకపోతే కోర్సు నిర్వాహకులతో ముందే మాట్లాడి పెట్టుకోండి. సగం ఫీజు అప్పు చేసి కట్టినవారుంటారు. “మీకు కష్టం” అని ఊరికే చెప్పి వదిలేయడం అన్యాయం.

10. పూడిందో లేదో చూసుకోండి

వంతెన దాటిన రోజున అందరికీ వచ్చినట్టే ఉంటుంది. వారం తర్వాత అదే లోటును వేరే వేషంలో పరీక్షించండి. ఆటో ఛార్జీతో వాలు నేర్పితే, నీళ్ల ట్యాంకు నిండే వేగంతో అడగండి. ఫైలు చిరునామాను డెస్క్‌టాప్‌తో నేర్పితే, వన్‌డ్రైవ్ లోపలున్న ఫోల్డర్‌తో అడగండి.

ఒక స్ప్రెడ్‌షీట్‌లో ఐదు నిలువు వరసలు పెట్టుకోండి: తేదీ, పాఠం, ఆగిన చోటు, లోటు రకం, దేనితో తీరింది. పేర్లు అక్కర్లేదు. రాత్రి సందేహాలు ముగిశాక ఐదు నిమిషాలు చాలు. ఒకే చోట ముగ్గురు ఆగారంటే ఆ వంతెన గ్రూపులో కాదు, పాఠం లోపలే ఉండాలి. తర్వాతి బ్యాచ్‌కు ఆ వీడియోను మళ్లీ రికార్డు చేయండి.